కప్పుకి బీట పడింది

పోయిన వారం మేస్త్రీని నిచ్చెన మధ్యలో వదిలేశాం. పైన సగం లేచిన గోడ, కింద తడిసి ముద్దయిన ఇసుక, సన్నటి వాన. ఒక చేతిలో నిచ్చెన, ఇంకో చేతిలో ఫోను. అవతలి నుంచి మాట్లాడింది ఆయన వదినగారి పక్కింట్లో ఉండే లెక్కల టీచరమ్మ.

“మీ వదినగారి కప్పుకి బీట పడిందండీ. అంచు నుంచి కిందిదాకా. కారిపోతోంది. ఆవిడ చేత్తో పట్టుకుని కూర్చుని ఏడుస్తున్నారు. మీరొక్కసారి రండి.”

ఆ తర్వాత ఫోను కట్టయిపోయింది.

ఆ ఇంటి కప్పు వేసింది మేస్త్రీయే. ఒకరి కింద పనిచేయడం మానేసి, సొంతంగా మనుషుల్ని పెట్టుకుని వేసిన మొదటి కప్పు అది. దాని కింద వదిన, అంటే భార్య అక్క, ఒక్కతే ఉంటుంది. భర్త పోయాక ఆయన చేసే పుస్తకాల బైండింగు పని తనే అందుకుని, ముందు గదిలోనే దబ్బనం, దారం, బంక గిన్నె పెట్టుకుని బతుకుతోంది. కప్పు కూలితే పుస్తకాల మీద కూలదు. ఆవిడ నెత్తి మీద కూలుతుంది.

మేస్త్రీ బుర్ర చకచకా పనిచేసింది. ట్రాలీ ఆటో పిలిచి, కప్పుకి దన్ను పెట్టే కర్రలు, పెద్ద పట్టా, గునపం అందులో వేసి, తిన్నగా ఆసుపత్రికి పోనిమ్మన్నాడు. భార్య అక్కడ ఎక్స్‌రేలు తీస్తుంది. ఆవిడకి చెప్పకుండా వెళ్ళడానికి మనసొప్పలేదు. చెప్తే వస్తుందన్న నమ్మకమూ లేదు.

ఎందుకంటే అక్కాచెల్లెళ్ళకి మాటల్లేక ఏళ్ళు గడిచాయి. కారణం చెప్తే వినేవాళ్ళు నవ్వుతారు. వాళ్ళమ్మకి ఒక టీ సెట్టు ఉండేది. మీగడ రంగు పింగాణీ, అంచు చుట్టూ సన్నటి నీలం గీత, కప్పు చెవి మీద బొటనవేలు ఆనడానికి చిన్న మొగ్గ. కెటిలు పెద్దదానికి, కప్పులూ సాసర్లూ చిన్నదానికి అని చెప్పి ఆవిడ కన్నుమూసింది. కెటిలున్న చోటికి కప్పులు రావాలి, లేదా కప్పులున్న చోటికి కెటిలు వెళ్ళాలి, అలాగైనా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారని ఆవిడ ఎత్తు. తీరా పంచుకునే రోజున చూస్తే ఒక కప్పూ, దాని సాసరూ లేవు.

“నేను రాకముందే తీసి దాచుకున్నావు,” అంది చెల్లెలు.

“నన్ను దొంగని చేసినదాని గడప తొక్కను,” అంది అక్క.

ఆ రోజు నుంచి కెటిలు ఒక ఇంట్లో ఉంది, కప్పులు ఇంకో ఇంట్లో ఉన్నాయి.

ఎక్స్‌రే గది తలుపు మీద ఎర్ర బల్బు ఆరిపోయేదాకా మేస్త్రీ వరండాలో అటూ ఇటూ తిరిగాడు. బల్బు ఆరగానే చెల్లెలు బయటికొచ్చింది. సిమెంటు చేతులతో, తడిసిన తలతో మొగుణ్ణి ఆసుపత్రిలో చూసేసరికి ఆవిడ పరుగున దగ్గరికొచ్చింది.

“ఏమైందండీ? ఎవరైనా నిచ్చెన మీంచి పడ్డారా?”

“నాకేం కాలేదు. మీ అక్క ఇంటికి వెళ్తున్నా. కప్పుకి బీట పడిందట.”

మామూలుగా అయితే ఆవిడ వెంటనే ఒక ప్రశ్న అడిగేది. వాళ్ళింట్లో కప్పు అన్న మాట వినపడగానే అవతలివాళ్ళు “తాగేదా, తల మీదదా?” అని అడిగి తీరాలి. అది ఆ ఇంటి నియమం. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే ఆయన “ఇవాళ కొత్త కప్పు” అని ఉత్సాహంగా చెప్పి వెళ్ళాడు. ఈవిడ సాయంత్రందాకా గుమ్మంలో కళ్ళు కాయలు కాసేలా చూసింది. ఆయన చెవుల్లో కూడా సిమెంటు పెట్టుకుని వట్టి చేతులతో వచ్చాడు. పెంకులైనా, రేకులైనా, సిమెంటైనా ఆయన నోట వచ్చేది కప్పన్న మాటే. ఈవిడ కలలో కూడా కప్పంటే తాగేదే. ఆ సాయంత్రం జరిగిన రభస తర్వాత పెట్టుకున్న నియమం అది.

ఈసారి ఆవిడ అడగలేదు. కిటికీలోంచి ట్రాలీలో కర్రలు కనిపించాయి, పట్టా కనిపించింది. ఇంక అడగడానికేముంది?

“అక్క ఎక్కడుంది?” అంది.

“లోపలే. చేత్తో పట్టుకుని కూర్చుందట.”

“దేన్ని?”

“గోడనో, గుంజనో. నాకేం తెలుసు? ఫోను కట్టయిపోయింది.”

చెల్లెలు సీసం అప్రాను విప్పి కుర్చీ మీద పడేసి, పక్క గదిలో ఉన్నవాళ్ళకి కేకేసి చెప్పి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా మొగుడి వెంట నడిచింది.

ట్రాలీలో డ్రైవరు పక్కన ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. వాన ముఖాల మీద కొడుతోంది. రోజూ విరిగిన ఎముకల బొమ్మలు చూసే మనిషికి, ఇంటి కప్పు మీద పడితే ఏ ఎముకలు ఎలా విరుగుతాయో కళ్ళ ముందు కనిపించడానికి ఊహ కూడా అక్కర్లేదు.

“నాతో మాట్లాడకపోతే పోయింది,” అంది చెల్లెలు. “ముఖం తిప్పుకుంటే తిప్పుకోనీ. మనిషి ఉంటే చాలు.”

మేస్త్రీ ఆవిడ చెయ్యి తీసుకుని తన గరుకు చేతిలో పెట్టుకున్నాడు.

వీధి మలుపు తిరగగానే ఇల్లు కనిపించింది. నిటారుగా నిలబడే ఉంది. మేస్త్రీకి సగం ప్రాణం లేచొచ్చింది గానీ, మిగతా సగం రాలేదు. బీట లోపలి వైపు ఉంటే బయటికి తెలియదు. ఆయన ఆటో ఆగకముందే దూకాడు. ఒక కర్ర భుజాన వేసుకుని, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి పరిగెత్తుతూ అరిచాడు.

“వదినా! ఆ గోడ వదిలేసి బయటికొచ్చెయ్యండి!”

ముందు గదిలో బల్ల దగ్గర వదిన కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. రెండు చేతుల మధ్య ఒక కప్పు. కింద పళ్ళెం. కప్పులోంచి చుక్క చుక్కగా టీ కారి పళ్ళెంలో పడుతోంది.

“ఏ గోడ?” అంది వదిన.

మేస్త్రీ కప్పు వంక చూశాడు. పైకప్పు వంక చూశాడు. మళ్ళీ కప్పు వంక చూశాడు. భుజం మీది కర్ర చివర వెనకనున్న తలుపుకి తగిలి ఠక్కుమంది.

“తాగేదా!” అన్నాడు.

ఆయన వెనకే వచ్చిన చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఎదురుగా అక్క. ఎముకలన్నీ దేని చోట అది ఉన్నాయి. కొంచెం చిక్కింది, తల కొంచెం నెరిసింది, అంతే. చెల్లెలికి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ కలిసి గొంతులో ఏదో వింత చప్పుడయ్యాయి. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

మేస్త్రీ దగ్గర్లో ఉన్న పుస్తకాల దొంతర మీద కూలబడ్డాడు.

“లెండి మరిదిగారూ, లెండి! బంక ఆరని పుస్తకాలవి!” అంది వదిన.

ఆయన లేచాడు. పై పుస్తకం అట్ట ఆయనతో పాటే లేచింది.

ఇంతలో లెక్కల టీచరమ్మ చేతిలో దూది, ఏదో జిగురు గొట్టం పట్టుకుని పక్కింట్లోంచి వచ్చింది. గుమ్మంలో ఆటో, గదిలో కర్ర, మేస్త్రీ వెనకాల వేలాడుతున్న అట్ట, అన్నీ చూసి నోరు తెరిచింది.

“ఏమ్మా టీచరమ్మా,” అన్నాడు మేస్త్రీ, “తాగే కప్పని ఒక్క మాట చెప్పొద్దా?”

“కప్పనే కదండీ చెప్పాను! ఇంటికప్పయితే ఇంటికప్పనే అందును. అయినా చేత్తో పట్టుకుని కూర్చున్నారని కూడా చెప్పాను. ఇంటికప్పుని ఎవరైనా చేత్తో పట్టుకుంటారా?”

“మీ పిల్లలు లెక్క కింద మీటరో, లీటరో రాయకపోతే సున్నా వేస్తారుగా మీరు? ఇవాళ మీకెంత వెయ్యాలి?”

టీచరమ్మ పకపకా నవ్వింది. అక్క కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఉండగానే గుమ్మం పక్కన కూర్చున్న చెల్లెలి మీద చూపు పడింది. నవ్వు ఆగింది.

“వచ్చావా,” అంది.

“పడిపోయిందేమో అనుకున్నా,” అంది చెల్లెలు. “కప్పు.”

“పడితే?”

“పడితే ఏంటి పడితే! పిచ్చి ప్రశ్నలూ నువ్వూ.”

అక్క కళ్ళు కిందికి దించుకుంది. చెల్లెలు చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ లేచి నాలుగడుగులు ముందుకొచ్చింది. ఆ గది ఆవిడ చూసి ఎన్నేళ్ళయిందో. పుస్తకాలు నేల మీద గోడల వెంబడి ఉన్నాయి. పుస్తకాలుండాల్సిన అద్దాల బీరువా నిండా కప్పులు. అక్క మారలేదు. ఆ మాట అనబోయి చెల్లెలు బల్ల మీదికి చూసింది.

మీగడ రంగు. అంచున నీలం గీత. చెవి మీద మొగ్గ.

చెల్లెలి ముఖంలో రంగు మారడం మేస్త్రీ చూశాడు. ఆపేలోపే మాట బయటికొచ్చేసింది.

“అయితే నీ దగ్గరే ఉందన్నమాట.”

“కాదే,” అంది అక్క.

“ఏది కాదు? కళ్ళెదురుగా కనపడుతుంటే! ఇన్నేళ్ళూ నేనే తప్పు మాటన్నానేమో, మనింటి మనిషిని అనకూడని మాట అన్నానేమో అని రాత్రుళ్ళు నిద్రపట్టక దొర్లాను. నువ్వేమో ఇక్కడ కూర్చుని అమ్మ కెటిల్లోంచి అమ్మ కప్పులో పోసుకుని తాగుతున్నావు.”

“ఇది అమ్మ కప్పు కాదు. దాని జోడీ లాంటిది. పాతసామాన్ల కొట్లో దొరికింది. ఇవాళే తెచ్చాను.”

“ఏ కొట్లో?”

“గడియారాలు బాగుచేసే వీధిలో, మెట్లు దిగి వెళ్ళాలి. ఆయనకి ఎప్పట్నుంచో చెప్పిపెట్టాను. అంచున నీలం గీత, చెవి మీద మొగ్గ ఉన్నది వస్తే నాకే ఇవ్వమని.”

చెల్లెలు తెల్లబోయింది. “ఆ కొట్టాయనకా? నేనూ చెప్పిపెట్టాను ఆయనకి! అచ్చం ఇవే గుర్తులు చెప్పాను! కప్పులన్నీ వరసగా పేరిస్తే చివర ఒక ఖాళీ. ఆ ఖాళీ చూడలేక… నాకు చూపించకుండా నీకెందుకిచ్చాడు?”

“నేను ముందు చెప్పుంటాను.”

“నువ్వే ముందు. ఎప్పుడూ నువ్వే ముందు!”

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. “ఇప్పుడు మీరిద్దరూ పోట్లాడేది పాత గొడవా, కొత్తదా? తెలిస్తే నేను ఎవరి వైపు నిలబడాలో చూసుకుంటా.”

“మీరూరుకోండి,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

టీచరమ్మ కల్పించుకుంది. “నేనూ వెళ్ళానమ్మా పొద్దున ఈవిడతో. కొట్టాయన లోపల్నుంచి కాగితంలో చుట్టి తెచ్చి చేతికిచ్చాడు. ఈవిడ దాన్ని దారంతా పసిపిల్లని మోసినట్టు మోసుకొచ్చింది. ఇంటికొచ్చి టీ పెట్టింది. ఆత్రంలో కప్పుని వేణ్ణీళ్ళతో తొలవకుండా మరిగే టీ పోసేసింది. టిక్కుమని చప్పుడు. అంతే.”

“చూడు, కింద కొట్టు చీటీ కూడా ఉంది,” అంది అక్క. “పొడిగా లాగితే బంక మరకైపోతుందని తియ్యలేదు. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి తీద్దామనుకున్నా. మరక లేకుండా తీసి…” అక్కడ ఆగింది. “మరక లేకుండా తీసి నీకు పంపిద్దామనుకున్నా. ఆ ఖాళీ పూడితే నోరు తెరిచి ఒక్క మాటైనా మాట్లాడతావని. నా చేతులతో నేనే పగలగొట్టుకున్నాను.”

చెల్లెలికి నమ్మాలని ఉంది. నమ్మడానికి భయంగానూ ఉంది. చెయ్యి చాపి కప్పు తీసుకుంది. బీట లోంచి చల్లారిన టీ ఆవిడ మణికట్టు మీదుగా కారింది. చీటీ చూద్దామని మిగిలిన టీ పళ్ళెంలోకి వంపి, కప్పు తిరగేసి, అడుగున బొటనవేలు పెట్టింది. కారిన టీకి అప్పటికే చీటీ బాగా నానింది. వేలు తగలగానే మెత్తగా జారి, బొటనవేలికే అంటుకుని వచ్చేసింది.

చీటీ ఉన్న చోట ఆకుపచ్చ చుక్క ఉంది.

చెల్లెలు వేలితో రుద్ది చూసింది. చుక్క పోలేదు.

వాళ్ళమ్మకి చదువు రాదు. తన సామాను ఇంకొకరి సామానులో కలిసిపోకుండా గిన్నెల మీద పేర్లు చెక్కించుకోవడం ఆవిడకి నచ్చేది కాదు. నేను చదవలేని పేరు నా గిన్నె మీద ఎందుకు అనేది. అందుకని వీధి తలుపుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటులో అగ్గిపుల్ల ముంచి ప్రతి వస్తువు అడుగునా ఒక చుక్క పెట్టింది. గరిట అడుగున ఆ చుక్కే, పీట అడుగున ఆ చుక్కే. చెల్లెలి ఇంట్లో ఉన్న ప్రతి కప్పు అడుగునా, ప్రతి సాసరు అడుగునా ఆ చుక్కే.

చెల్లెలు తలెత్తి అక్క ముఖం చూసింది. రోజూ మనుషుల్ని “కదలకండి, ఊపిరి బిగపట్టండి” అని నిలబెట్టి వాళ్ళ ముఖాలు చూసే మనిషి ఆవిడ. నొప్పి లేకపోయినా ఉన్నట్టు చేసేవాళ్ళూ, ఉన్నా దాచుకునేవాళ్ళూ ఆవిడకి ఇట్టే తెలిసిపోతారు. అక్క ముఖంలో దాచుకునేదేమీ లేదు. ఆ చుక్క చూసి అక్క తనకంటే ఎక్కువగా బిత్తరపోయి ఉంది. కప్పు వంకే చూస్తోంది.

“అమ్మదే,” అంది అక్క గాలి పీల్చుకోకుండానే. “అమ్మదేనే ఇది. నేను అమ్మ కప్పునే కొనుక్కొచ్చాను!”

“నీకు తెలీదు,” అంది చెల్లెలు. అది ప్రశ్న కాదు.

“తెలిస్తే మరిగే టీ పోస్తానా?”

ఆ ఒక్క మాటతో చెల్లెలి గుండెల మీద ఇన్నేళ్ళుగా కూర్చున్న బరువు దిగిపోయింది. ఈ మనిషి దాచలేదు. దాచుకుని ఉంటే వేణ్ణీళ్ళతో తొలిచేది, ఉన్ని గుడ్డతో తుడిచేది, బీరువాలో తాళం వేసి పెట్టుకునేది. తెలియని కప్పు కాబట్టే ఆత్రంగా పోసింది. చెల్లెలు కప్పుని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, అక్క మెడ చుట్టూ చేతులు వేసి, ఆ బంక వాసన చీరలో ముఖం దాచుకుంది.

“నేను అనకూడని మాట అన్నానక్కా.”

“అన్నావు,” అంది అక్క, చెల్లెలి వీపు నిమురుతూ. “అన్నావులే. నేను మాత్రం తక్కువ తిన్నానా? గడప తొక్కనని శపథాలు చేశాను. కప్పు కూలితే గానీ నువ్వు రావని తెలిస్తే ఎప్పుడో కూల్చేసేదాన్ని.”

“ఆ కప్పు కూలదు వదినా,” అన్నాడు మేస్త్రీ, కొంచెం చిన్నబుచ్చుకుని. “అది నేను వేసిన కప్పు.”

అన్నాడే గానీ ఊరుకోలేదు. ఎలాగూ వచ్చాం, ఒకసారి చూసి పోదామని స్టూలు ఎక్కి, సుత్తి పిడితో ఈ మూల నుంచి ఆ మూలదాకా కొట్టుకుంటూ, చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా బోలుగా మోగలేదు. కిటికీ పైన మాత్రం కొంచెం సున్నం పెచ్చు ఊడింది. “ఇది వానది, నాది కాదు,” అని టీచరమ్మకి ప్రత్యేకంగా చెప్పి, హాయిగా స్టూలు దిగాడు. ఆటోని కర్రలతో సహా పంపించేశాడు.

అక్క మళ్ళీ టీ పెట్టింది. ఈసారి కెటిలు ముందు వేణ్ణీళ్ళతో తొలిచింది. కప్పులు బీరువాలోంచి తియ్యమని చెల్లెలికి చెప్పింది. చెప్పి తప్పు చేసింది. చెల్లెలు బీరువా ముందు నిలబడి కదిలితే ఒట్టు.

“ఇదెక్కడ దొరికింది? ఈ గళ్ళది?”

“అదా? ఒకావిడ ఇల్లు మారుతూ వదిలించుకుంది.”

“వదిలించుకుందా! మనిషేనా? ఈ పొట్టిది చూడు, చెయ్యి పెడితే పావురప్పిల్లలా ఉంది. దీన్లో ఎప్పుడైనా తాగావా?”

“వానొస్తే దాన్లోనే తాగుతా.”

“నాకూ ఒకటుంది, మట్టిది, లోపలంతా తేనె రంగు. రేపు తెస్తా. నీకివ్వను, చూపిస్తా.”

“చూపించి తీసుకెళ్ళడం నా ముందు కుదరదు.”

“వినండి టీచరమ్మా,” అన్నాడు మేస్త్రీ. “మా ఇంట్లో నేను ఇంతవరకు కట్టిన గోడలన్నీ వీటి అరల కోసమే. మనిషికి ఉన్నది ఒక్క నోరు. ఇంకో కప్పు వస్తే నన్ను తీసి బయట పెట్టి నా చోట దాన్ని పెడుతుంది.”

“మిమ్మల్ని పెట్టడానికి సాసరు దొరకలేదు గానీ, లేకపోతే ఎప్పుడో పెట్టేదాన్ని,” అంది చెల్లెలు.

నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. బీట పడిన కప్పు మధ్యలో, పొడి గుడ్డ మీద బోర్లించి ఉంది. అక్క పోసింది. ఆవిరి లేచింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో కప్పు అందుకుని, తాగబోయే ముందు, ఒకే క్షణంలో, ఎడమ చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు.

టీచరమ్మ మోచేత్తో మేస్త్రీని పొడిచింది. “ఇదేంటి, ఇద్దరూ?”

“వాళ్ళమ్మ అలవాటు,” అన్నాడు మేస్త్రీ. “కాలుతుందో లేదో నాలుకకంటే ముందు చెంపకి తెలియాలనేదట. ప్రపంచంలో ఇంకెవరూ ఇలా తాగరు.”

అక్క కళ్ళు తెరిచింది. కప్పు చెంప మీదే ఉంది గానీ చూపు ఎక్కడో ఉంది.

“ఇంకొకరు తాగుతారు,” అంది నెమ్మదిగా.

“ఎవరు?”

“పొద్దున కొట్లో కప్పు చేతికిచ్చాడు కదా, అలవాటుకొద్దీ చెంపకి ఆనించుకున్నాను, ఖాళీ కప్పే. కొట్టాయన నవ్వాడు. దీన్ని తెచ్చి ఇచ్చినావిడ కూడా ఇలాగే చెంపకి ఆనించుకుని గానీ వదల్లేదు అన్నాడు. సాసరు కూడా ఇవ్వమని అడిగాట్ట. అది ఇవ్వను, మా అమ్మది అందిట.” అక్క చెల్లెలి వంక చూసింది. “ఎవరి అమ్మో అనుకున్నానే నేను. కప్పు దొరికిన ఆనందంలో పట్టించుకోలేదు. కానీ సాసరు అమ్మదైతే, ఆ సాసరుండే కప్పు ఇదైతే…”

చెల్లెలు చేతిలో కప్పు బల్ల మీద పెట్టేసింది.

“అమ్మకి మనమిద్దరమే కదక్కా?”

అక్క బల్ల మీద తడిచి ముడుచుకున్న చీటీని గోటితో సాపు చేసింది. కొట్టు పేరు సగం చెరిగింది గానీ, కింద ఫోను నంబరు కనపడుతోంది. టీచరమ్మ చదివింది, అక్క నొక్కింది.

కొట్టాయన వెంటనే ఎత్తాడు. అక్క గొంతు వినగానే అమ్మయ్య అన్నాడు.

“మీరే చేశారా, బతికించారమ్మా! ఆ కప్పు ఇచ్చినావిడ వచ్చి కూర్చుంది. పొరపాటు చేశాను, మళ్ళీ నాకు కావాలి, ఎవరికిచ్చావో చెప్తే గానీ లేవనంటోంది. ఒళ్ళో సాసరు పెట్టుకుని కూర్చుంది. ఇదిగో, మీరే మాట్లాడండి.”

ఫోను చేతులు మారిన చప్పుడు. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, మెల్లగా, కొంచెం భయంగా ఏదో అడిగింది.

అక్క ముఖం పాలిపోయింది.

“ఏమంటోంది?” అంది చెల్లెలు, ఆవిడ మోచెయ్యి పట్టి ఊపుతూ.

అక్క ఫోను మీద అరచెయ్యి మూసింది. “కప్పు బాగానే ఉందా, అని అడుగుతోంది.”

మేస్త్రీ అలవాటుగా తలెత్తి పైకి చూశాడు. “నిక్షేపంగా ఉందని చెప్పండి వదినా.”

అక్క ఆయన మాట వినలేదు. మెల్లగా చెయ్యి తీసి, ఫోనుని చెల్లెలి చెవికి ఆనించింది. అవతలి నుంచి అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది.

ఆ గొంతు అచ్చం వాళ్ళమ్మ గొంతే.